గునుగు మీద చదువు

హైదరాబాదు, శ్రావణం, 1962

బాపూ, దండాలు. ధర్మం సొమ్ముకు చెయ్యి చాపానని, అది వాపసు ఇచ్చి ఇంటికి రమ్మని రాశావు. అది భిక్షం కాదు. పూల చదువుల కోసమని పూలవర్తకులు తలా ఇంత వేసి కూడబెట్టిన నిధి. ఏ పువ్వు మీద పరిశోధన చేస్తావని అడిగితే గునుగు అన్నాను. జొన్నచేలో కలుపు గదా అని అందరూ నవ్వారు. పెద్దాయన అంబదాస్ సేఠ్ ఒక్కరే, "నవ్వకుండ్రి. మన గులాబీ పొద్దుగూకేసరికే వాడుతది. బతుకమ్మల పెట్టిన గునుగు వారమైనా వాడిపోదు. గదెందుకో గీ పిల్లనే చెప్పాలె" అని నాకు ఇప్పించారు. ఆయన మేలు మరవను.

అవ్వ మోకాళ్లనొప్పి తగ్గిందా? మన గట్టు మీది గునుగును ఈసారి పీకనీయకు, గింజ పండినాక పంపు. లింగవ్వత్తకు దండాలు చెప్పు. గునుగు పూసేటప్పుడే నా పని, బతుకమ్మకు రాను. నిధి వాపసు ఇవ్వను. ఆ సొమ్ము వచ్చే రెండేళ్లూ ఇక్కడే చదువుతాను.

నీ బిడ్డ,
అనసూర్య