చివర దాటేవాడు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇన్నాళ్లూ మందను చుట్టుదోవన తోలాను. ఆ దోవకు ఎవరో కంచె వేశారు. అందుకే ఈ ఉదయం మళ్లీ కురబలకోట దగ్గర మదనపల్లె రోడ్డు దాటించాను.

గొర్రెలు దాటేటప్పుడు ముందు ఒకరు నడవాలి, వెనక ఒకరు తువ్వాలు ఊపుతూ బండ్లను ఆపాలి. బడికి సెలవైతే వెనక నువ్వే. పిల్లలకు చెప్పే చరిత్రంతా నా చెవిలోనూ పోసేవాడివి.

నువ్వు పోయిన రోజూ అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాళ్లు తరుముకొస్తుంటే ఫ్రెంచి సైన్యం వెనక్కి తగ్గిందని, దానికి దారి దొరకాలని పోలెండు సైనికులు వెనక నిలిచి పోరాడారని చెప్పావు.

"వాళ్ల దేశం అప్పటికే పోయిండాది. అయినా వేరేవాళ్ల కోసం నిలబడినారు సూడు."

"మరి వెనక నిలబడినోళ్లు యాడికి పోయినారన్నా?"

"ముందు మందను దాటించు. ఆపైన చెప్తా."

మంద దాటింది. లారీ ఆగలేదు.

ఏ కథా మధ్యలో వదిలేవాడివి కావు నువ్వు.

నిన్న నీ కూతురు పుస్తకం చూసి చెప్పింది. ఫ్రాన్సు లొంగిపోయిందట. వెనక నిలిచిన పోలెండువాళ్లు చిన్న గుంపులుగా చెదిరిపోయారట. కొందరు తప్పించుకున్నారట, చాలామంది పట్టుబడ్డారట.

"నాయన నీకు చెప్పలేదా చిన్నాయనా?"

"టైము సాల్లేదు మా," అన్నాను.

ఈ రోజు నీ మరదలు ముందు నడిచింది. నేను నీ తువ్వాలు పట్టుకుని వెనక నిలబడ్డాను. చివరి గొర్రెపిల్ల కూడా దాటింది. ఆగిన బస్సు హారన్ కొడుతూనే ఉంది. ఇక నేనూ దాటాలని గుర్తు రావడానికి కాసేపు పట్టింది.