సైకిల్ ట్యూబు ముడి

ఉస్తాద్,

నువ్వు పోయి నేటికి ఏడాది. దండం పెట్టడానికి రాయడం లేదు. ఆ తెల్ల కారు ఈరోజు కర్నూలులో నా షెడ్డుకొచ్చింది. టర్బో పోయిందని నువ్వూ, గాలి పీల్చే వ్యాక్యూమ్ గొట్టం చీలిందని నేనూ కొట్లాడుకున్న కారే. "నాకే నేర్పిస్తాండావా? పోరా బయటికి!" అని మూడేళ్ల కిందట నీ షెడ్డులో అందరి ముందూ తరిమావు.

శ్రీశైలం ఘాటులో మళ్లీ లాగడం లేదట. ఇంజన్ ఆన్‌లో ఉంచి, గొట్టం పొడవునా అగరబత్తి తిప్పాను. ఒకచోట పొగ లోపలికి పోయింది. ఆ చీలిక మీద పాత సైకిల్ ట్యూబు పీలిక, నీ మూడు చుట్ల ముడి.

"నిన్ను తరిమిన పొద్దే ఆయప్ప ఈ గొట్టం కట్టినాడు. టర్బో ముట్టనే లేదప్పా," అన్నాడు ఓనరు.

ముడి కోసి పారేసి, కొత్త గొట్టం వేశాను. ఆ ముడి కట్టాక రెండేళ్లు బతికున్నావు కదా, ఒక్క ఫోన్ చేయడానికి నీకేమైంది?