తాగుడు పేజీ, దెబ్బల పేజీ

2006 జూన్ 5, సోమవారం
మొదలు! వచ్చే సోమవారం కాకినాడలో కాల్ సెంటర్ ఇంటర్వ్యూ. విదేశీ టూరిస్టుల ఇన్సూరెన్సు పని. ఫోన్ చేసేవాళ్లు తాగి అయినా ఉంటారు, దెబ్బలు తగిలించుకుని అయినా ఉంటారట. అందుకని అక్కడే పనిచేసే అనిల్ బజారు ఇంగ్లీషు మాటలు పంపాడు. తాగుడుకో పేజీ, దెబ్బలకో పేజీ.
వారం పాటు చుక్క ముట్టను. ముడితే చర్చిలో ఆడవాళ్ల కూడికలో నా పేరు చెప్పి ప్రార్థన చేయిస్తానంది మా ఆవిడ ఎస్తేర్‌రాణి. నేను సండే స్కూలు టీచర్ని!

జూన్ 6
టిప్సీ అంటే కొంచెం ఎక్కడం. హామర్డ్ అంటే బాగా. స్మాష్డ్, ప్లాస్టర్డ్, వేస్టెడ్ ఇంకా బాగా. దెబ్బల పేజీ రేపు.

జూన్ 7
తేడాలు బుర్రకెక్కడం లేదు. ఆంధ్రా కంటే చవగ్గా అమ్మే మా ఊరి బ్రాందీ షాపు ఎదర, రోడ్డుకి ఇవతల నిలబడి చదివాను. అమలాపురం బస్సు దిగినవాళ్లు టిప్సీ నుంచి వేస్టెడ్ దాకా నడిచి చూపించారు. మంచి బడి.

జూన్ 10, శనివారం
బావమరిది దానియేలు దిగాడు. గోదావరి చూడ్డానికట. ఆంధ్రా చుట్టాలందరికీ గోదావరి మా యానాంలోనే కనిపిస్తుంది.
"నీకు మందు పోత్తాన్రా, నేను తాగను" అన్నాను.
"చుట్టాన్ని ఒక్కణ్నీ కూచోబెట్టి పోత్తావా బావా? ఇదేం మర్యాద?"
మర్యాద కోసం, టిప్సీ దాకా.

జూన్ 11
హామర్డ్ ఎక్కడ దాటానో తెలియలేదు. మా వీధరుగుకి మెట్లు రెండే. మూడోది ఉందనుకుని కాలు వేశాను.
ఎస్తేర్‌రాణి కాలికి సున్నం, పసుపు కలిపి పట్టు వేసింది. వెంటనే కూడికకి కట్టుకెళ్లే చీర తీసింది. అది మంచి లక్షణం కాదు.
సాయంత్రం కూడికలో లేచి, "మా ఆయన మా తమ్ముడికి గోదావరి చూపించబోయి పడ్డారు, ప్రార్థన చెయ్యండి" అందట. అందరూ ఒక్కసారే దగ్గారట.

జూన్ 12
కుంటుతూ వెళ్లాను. ఆఫీసరు మొదటి ప్రశ్నే కాలికేమైందని. బజారు ఇంగ్లీషులో చెప్పమన్నాడు. తాగుడు పేజీ మొత్తం నోటికి వచ్చు. రెండోది విప్పలేదు.
"జారిపడ్డానండి" అన్నాను, తెలుగులో.
"ఏ ఊరు?"
"యానాం అండి."
ఆయన ముఖం వెలిగింది. "నెలాఖరుకి ఇంకోసారి చూద్దాం నెహెమ్యా గారూ. ఈసారి నేనే మీ ఊరొస్తాను. గోదావరి చూసినట్టూ ఉంటుంది."

రేపటి నుంచి దెబ్బల పేజీ. చుక్క ముట్టను. ఆయనకి పోస్తాను, నేను తాగను. ఎస్తేర్‌రాణికి అదే చెప్పాను.
"అలాగేనండి, సున్నం తెప్పించి ఉంచుతాను" అంది.