లోపలి అడ్రసుతో బయటి నుంచి

ఆత్మకూరు, మంగళవారం

భోజనాలయ్యాక మనవరాలు రమ్య తన కంప్యూటర్‌లో కెర్నెల్ అనే మూల ప్రోగ్రామ్ చేసే పని చూపించింది. నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్ హెడర్‌నూ, అంటే సమాచారపు పొట్లం మీది చిరునామా చీటీనీ, అది తనిఖీ చేస్తుంది. మా కళ్ల ముందే ఒకదాన్ని పారేసింది.

“దానికేమైందే?”

“పొడవు, తప్పులు పట్టే చెక్‌సమ్ లెక్క అన్నీ సరిగ్గానే ఉండాయవ్వా. పంపినోళ్ల అడ్రస్ మాత్రం ఈ మిషన్‌దే. మనం లోపలుంటే మన పేరుతో బయట్నుంచి వచ్చేదెవరు?”

అంతలో నా ఫోన్ మోగింది.

“అవ్వా, రమ్యని. సంగం బస్టాండులో ఉండాను. ఒక్కదానివే రా.”

అదే గొంతు, మాట చివర అదే చిన్న దగ్గు. రమ్య నా ఎదుటే నోరు మూసుకుని కూర్చుని ఉంది. ఫోన్ పెట్టేశాను.

ఇంట్లో ఉంది కాబట్టి పట్టుకోగలిగాను. రేపు తను ఉదయగిరి వెళుతుంది. ఆ తర్వాత ఆ గొంతు బయటి నుంచి రావడంలో తప్పేమీ కనిపించదు. నిజంగా ఆపదలో ఉండి రమ్యే పిలిచినా, నేను కదలనేమో...