నాయన మగ్గం ఆపిన డ్రమ్మర్

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రాక్ డ్రమ్మరే గొప్పని నీతో వాదించే నీ స్నేహితుడు బాషా, నీ జాజ్ క్యాసెట్ తీసుకుని మన ధర్మవరం ఇంటికి వచ్చాడు. రాక్ దెబ్బకు మగ్గం జోరుగా సాగుతుందని వాడి వాదన. దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియని జాజ్ వింటూ నువ్వు నేసిన చీర ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా వచ్చేది, నాయన తిట్టేవాడు.

ఈరోజు నీ మగ్గం మీద నాయనే నేస్తున్నాడు. క్యాసెట్ వేయగానే ఆయన చేతులూ తడబడ్డాయి. బాషా నవ్వాడు. నాయన మగ్గం ఆపేశాడు.

“ఈ డ్రమ్ముల ఆయప్ప రేకుల మీద వాన పడినట్టు వాయిస్తాండాడు. నేస్తా వినేది కాదప్పా ఇది” అన్నాడు.

క్యాసెట్ ఒకవైపు అయిపోయేదాకా మగ్గం దగ్గరే కూర్చుని విన్నాడు.

“రెండో పక్క కూడా వెయ్యప్పా” అన్నాడు నాయన.

లేచి క్యాసెట్ తిప్పింది బాషానే.