బిల్లు లేని కోడి టోపీ

డిసెంబర్ 2, మంగళవారం

ఈరోజు నా పరువు పాల పాకెట్‌తో పాటు వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది.

పొద్దున్నే కరెంటు పోయింది. హీటర్ లేదు. అత్తయ్యకు చలి ముందు చెవుల్లోకే వెళ్తుంది. మఫ్లర్ వెతికే ఓపిక లేక, టేబుల్ మీదున్న టీ కెటిల్ తొడుగు లాగి తలకు తగిలించుకుంది. ఆ తొడుగు మామూలుది కాదు. కోడి. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో రిటైరయ్యాక చేతులు ఊరుకోక తనే ఉన్నితో అల్లింది. నడినెత్తిన ఎర్ర తురాయి, ముందు పసుపు ముక్కు, రెండు పక్కలా రెక్కలు. కెటిల్ కొమ్ము బయటికి రావడానికి ఒక చీలిక, పిడికి ఇంకో చీలిక. ఆ రెండు చీలికల్లోంచి ఆవిడ చెవులు రెండూ బయటికొచ్చాయి. అంటే దేనికోసం పెట్టుకుందో అవే చలిలో ఉన్నాయి.

ఆ మాటే అన్నాను. తల వెచ్చగా ఉంటే చెవులు వాటంతటవే సర్దుకుంటాయంది. అనేసి పాలకు వెళ్ళిపోయింది.

కింద సెలూన్ నాది. ఈ వీధిలో సగంమంది ఆడవాళ్ళ తలలు నా చేతిలోంచే బయటికి వెళ్తాయి. అలాంటి ఇంట్లోంచి ఇలాంటి తల బయటికి వెళ్ళింది. మా ఆయనతో చెప్తే నవ్వాడు. బాగుందిగా అన్నాడు. వాళ్ళమ్మ నెత్తిన బకెట్టు బోర్లించుకున్నా ఆయనకు బాగానే ఉంటుంది.

డిసెంబర్ 4

మందుల షాపు అమ్మాయి ఫోటో తీసిందట. అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. నాక్కూడా ముగ్గురు పంపించారు, ఎవరో చూడు అని నవ్వే బొమ్మలు పెట్టి. ఆవిడ మా అత్తగారని వాళ్ళకు తెలియదు. నేను చెప్పలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

లోకానికి మతి పోయింది.

కాలేజీ అమ్మాయిలు గుంపుగా వచ్చారు. హెయిర్‌కట్ కోసమనుకుని కుర్చీ తుడిచాను. కాదట. కోడి ఆంటీ ఇల్లు ఇదేనా అక్కా అని అడిగారు. మా అత్తగారికి ఆ పేరు ఎప్పుడు పెట్టారో నాకు తెలియదు. పైకి వెళ్ళి గంటసేపు కూర్చున్నారు. అత్తయ్య వాళ్ళకు అల్లిక నేర్పించిందట, టీ కూడా ఇచ్చిందట. నేను కింద కత్తెర పట్టుకుని ఖాళీగా కూర్చున్నాను.

ఇప్పుడు బస్టాపులో కోళ్ళు. బ్యాంకు క్యూలో కోళ్ళు. ఫైళ్ళు చంకన పెట్టుకుని వెళ్ళే లాయరమ్మ నెత్తిన కూడా కోడి. అందరి చెవులూ చీలికల్లోంచి బయటే, ఎర్రగా కందిపోయి. ఎందుకమ్మా ఆ కన్నాలు అని ఒకమ్మాయిని అడిగాను. అదే స్టైల్ అక్కా అంది. మూడు బ్లో-డ్రైలు కాన్సిల్ అయ్యాయి. టోపీ కింద జుట్టు ఎలా ఉంటే ఎవరికి కావాలి అన్నారు. నా పొట్ట కొట్టింది ఎవరో బయటివాళ్ళయితే నాలుగు తిట్టేదాన్ని. మా ఇంట్లోనే, నా నెత్తిమీది అంతస్తులోనే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర అన్నాను, అత్తయ్యా మీరు మొదలుపెట్టింది మీరే ఆపాలి అని. ఆవిడ అన్నం కలుపుకుంటూ, నేను ఎవరినైనా పెట్టుకోమన్నానా అంది. నిజమే, అనలేదు. అందుకే ఇంకా మండింది.

డిసెంబర్ 15, సోమవారం

మెయిన్ రోడ్డు మీద పెద్ద షోరూమ్ అద్దాల్లో వరుసగా బొమ్మలు. అన్నింటి నెత్తిన కోళ్ళు. అదే తురాయి, అదే పసుపు ముక్కు, అవే రెండు చీలికలు. పైన బోర్డు: ఈ చలికాలానికి మా సొంత డిజైన్.

సొంతమట.

అత్తయ్యను తీసుకెళ్ళి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని అద్దానికి ముక్కు ఆనించి చూసింది. మెషీన్ పని, అల్లిక వదులు, రెండు ఉతుకులకు మించి ఆగదు అంది. అంతే. మిమ్మల్ని ఒక్క మాట అడగాలి కదా వాళ్ళు అన్నాను. నేను కెటిల్‌ని అడిగి తీసుకున్నానా అంది. పైగా ఇంటికొచ్చేదాకా మొహం వెలిగిపోతూనే ఉంది. కోపం కూడా అన్నీ నేనే తెచ్చుకోవాలి ఈ ఇంట్లో.

డిసెంబర్ 19

అత్తయ్య టోపీ పెట్టుకోవడం మానేసింది. హమ్మయ్య.

డిసెంబర్ 22, సోమవారం, మధ్యాహ్నం

సెలూన్ తలుపు దగ్గరగా వేసి రాస్తున్నాను.

రంగు వేయించుకోవడానికి టైలరమ్మ వచ్చింది. బ్రష్ పెడుతుంటే అద్దంలోంచి నన్ను చూసి, మీ అత్తగారు ఎలా ఉన్నారు పాపం అంది. పాపం ఎందుకని అడిగాను. నీకు తెలియదా అంది.

నాకు తెలియదు. వీధంతటికీ తెలుసు, నాకు తెలియదు.

పోయిన గురువారం అత్తయ్య ఆ షోరూమ్‌కి వెళ్ళిందట, మా ఆయనకు సాక్సులు కొనడానికి. నెత్తిన తన కోడితోనే. సాక్సులకు డబ్బు కట్టి బయటికి వస్తుంటే సెక్యూరిటీ అతను ఆపాడట. సాక్సులకు బిల్లుంది, టోపీకి బిల్లేది అన్నాడట. నేను అల్లుకున్నాను బాబూ అందట ఆవిడ. అతను నవ్వాడట. మేనేజర్ వచ్చాడట. క్యూలో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా ఆ మేనేజర్ చెయ్యి చాపి ఆవిడ తల మీది టోపీ తీసేసుకున్నాడట. పెద్దావిడ కదా అని పోలీసులను పిలవడం లేదు, వెళ్ళండి అన్నాడట.

ఆవిడ జుట్టు చెదిరిపోయిందట. సర్దుకోకుండానే నడుచుకుంటూ వచ్చేసిందట, ఆ చలిగాలిలో, ఉత్త తలతో.

నేను ఆ మర్నాడే కదా పైన హమ్మయ్య అని రాసింది.

సాయంత్రం

పైకి వెళ్ళి అడిగాను. ఎందుకు చెప్పలేదు అత్తయ్యా అని. బీన్స్ తుంచుతోంది. తల ఎత్తలేదు.

"చెప్తే ఏం చేస్తావు, కత్తెర పట్టుకుని వెళ్తావా?" అంది.

వెళ్తాను అన్నాను.

చేతిలో ఉన్నది తుంచి గిన్నెలో వేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఎక్స్ఛేంజ్‌లో రోజూ ఎవడో ఒకడు తిట్టేవాడమ్మాయ్. లైను కలవలేదని, ఆలస్యమైందని. ఆ తిట్లన్నీ చెవి దాకానే వచ్చేవి. సాయంత్రం హెడ్‌ఫోన్ తీసి పక్కన పెడితే పోయేవి. తల మీద మాత్రం ఎవడూ చెయ్యి వెయ్యలేదు."

మళ్ళీ బీన్స్ తుంచుకుంది. నేను కూడా పక్కన కూర్చుని తుంచాను. ఏ ముక్క ఎంత పొడుగుందో నాకు తెలియదు.

డిసెంబర్ 23, మంగళవారం

వెళ్ళాను. సెలూన్‌కు తాళం వేసి మరీ వెళ్ళాను.

మేనేజర్ అంటే ఎవడో పెద్దవాడనుకున్నాను. టై కట్టుకున్న కుర్రవాడు, నెత్తిన అరడబ్బా జెల్. మేడమ్ మేడమ్ అంటూనే నా ఒక్క మాటా వినలేదు. ఆ చీలికలు ఎందుకున్నాయో తెలుసా మీకు, ఒకటి కెటిల్ కొమ్ముకు, ఒకటి పిడికి అని చెప్పాను. అది ఇయర్-ఫ్రీ డిజైన్ మేడమ్, ఫోన్ మాట్లాడుకోవడానికి వీలుగా అన్నాడు. వెనక నిలబడినావిడ, అవును చాలా వీలుగా ఉంటుంది అంది. ఆవిడ చెవులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

మందుల షాపు అమ్మాయి తీసిన అత్తయ్య ఫోటోను ఫోన్‌లో చూపించాను. తారీకు చూడు, మీ అద్దాల్లో పెట్టడానికి ముందుది అన్నాను. అతను చూసి మురిసిపోయాడు. ఈ ఫోటో మా హెడ్ ఆఫీసు వాళ్ళు కూడా చూశారు మేడమ్, మా టోపీకి మంచి పబ్లిసిటీ వచ్చింది, ఆంటీకి మా థాంక్స్ చెప్పండి అన్నాడు.

థాంక్స్. తల మీంచి టోపీ లాక్కుని థాంక్స్.

పోనీ టోపీ తిరిగివ్వు అన్నాను. బిల్లు లేకుండా ఐటమ్ బయటికి వెళ్ళకూడదు, అది పాలసీ అన్నాడు. ఇంకా గట్టిగా అడిగాను. క్యూ జరగాలి మేడమ్ అన్నాడు. క్యూలో వాళ్ళూ అదే అన్నారు. ఒక్కరంటే ఒక్కరు నా పక్కన మాట్లాడలేదు. కోళ్ళన్నీ నా వైపే చూస్తున్నాయి, పసుపు ముక్కులు ఎత్తుకుని.

నేను ఇంటికొచ్చేసరికే మా ఆయనకు సంగతి తెలిసిపోయింది. ఒక టోపీ కోసం ఎందుకు ఇంత రభస, అమ్మ ఇంకోటి అల్లుకుంటుందిలే అన్నాడు. టోపీ సంగతి కాదు, తల సంగతి, ఆ తల మీ అమ్మది అన్నాను. ఆయన కాళ్ళకు ఆ కొత్త సాక్సులున్నాయి. వాటి వైపు చూసుకుని లేచి వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 24

ఆయన సాక్సులు విప్పేసి పడుకున్నాడు. కాళ్ళు మంచుగడ్డలు. దుప్పటి నా వైపు లాక్కున్నాను.

డిసెంబర్ 27, శనివారం

నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎక్కడికీ పోలేరు. మెడ చుట్టూ గుడ్డ ఉంటుంది, తల తడిగా ఉంటుంది, నా చేతిలో దువ్వెన ఉంటుంది. వచ్చిన ప్రతి మనిషికీ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. కట్ చేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు, రంగుకు వచ్చినవాళ్ళకు, ఊరికే చుండ్రుకేం వాడాలో అడగడానికి వచ్చినవాళ్ళకు. పోనీలే అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు ఇంకోసారి చెప్పాను.

లాయరమ్మ మొత్తం విని తన కోడిని బ్యాగ్‌లో కుక్కుకుంది. కేసు వేద్దామా అని అడిగాను. కేసు తేలేలోపు ఇంకో పది ఫ్యాషన్లు వచ్చిపోతాయి, కేసు వద్దు, నా దగ్గర ఇంకో ఉపాయముంది అంది. టైలరమ్మ కూడా అక్కడే ఉంది. ముగ్గురం తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నాం. నెల్లాళ్ళలో మొదటిసారి నవ్వాను.

డిసెంబర్ 29, సోమవారం

ఇది వివరంగా రాసుకోవాలి.

నేను, టైలరమ్మ, లాయరమ్మ, ఫోటో తీసిన మందుల షాపు అమ్మాయి, కాలేజీ గుంపు, ఇంకా కొందరు కస్టమర్లు. అందరం షోరూమ్‌లోకి వెళ్ళాం. ఏమీ కొనలేదు. ఒకరి వెనక ఒకరం బయటికి వెళ్ళే తలుపు దగ్గర నిలబడ్డాం.

ముందు టైలరమ్మ. సెక్యూరిటీ అతనితో, బాబూ ఈ స్వెట్టర్ నేనే అల్లుకున్నాను, బిల్లు లేదు, ఇలాంటివి మీ దగ్గరా ఉన్నాయి, తీసుకుంటారా అంది. స్వెట్టర్ గుండీలు విప్పడం మొదలుపెట్టింది. అతను తెల్లబోయి, అయ్యో మీరు వెళ్ళండమ్మా అన్నాడు. ఎలా వెళ్తాను, పాలసీ ఉంది కదా అంది. వెనక మందుల షాపు అమ్మాయి, నా బూట్లకు బిల్లెక్కడో పారేశాను అన్నయ్యా, విప్పనా అంది. కాలేజీ అమ్మాయి ఒకతి అప్పటికే బూటు విప్పి చేతిలో పట్టుకుంది. లాయరమ్మ తన కోటు మడిచి కౌంటర్ మీద పెట్టి, రసీదివ్వండి అంది. నేను చెవి రింగులు తీసిచ్చాను.

తలుపు దగ్గర జనం పేరుకుపోయారు. బయటికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళలేకపోయారు. ఏమిటి సంగతి అని ఒకరినొకరు అడగడం మొదలైంది. మేం చెప్పాం. మొన్న క్యూ జరగాలన్నవాళ్ళలాంటివాళ్ళే ఈరోజు ఛీ, పెద్దావిడ నెత్తి మీంచా అన్నారు. మొన్న ఏమయ్యారు వీళ్ళంతా అని వాళ్ళ మీద కూడా మండింది నాకు. అది తర్వాత చూసుకుంటానని పక్కన పెట్టాను.

జెల్ కుర్రవాడు పరిగెత్తుకొచ్చాడు. ఆంటీ టోపీ ఇచ్చేస్తాను, దయచేసి తలుపు వదలండి అన్నాడు. లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు మొహం పాలిపోయింది.

టోపీ లేదు. ఎవరో ట్యాగ్ తగిలించి ర్యాక్‌లో పెట్టేశారట. అమ్ముడుపోయింది.

టైలరమ్మ విప్పిన గుండీలు మళ్ళీ పెట్టుకుంది.

నేను అతని టై పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తీసుకొచ్చేదాన్నే. అక్కర్లేకపోయింది, తనే వచ్చాడు. మా మెట్లెక్కి అత్తయ్య ముందు నిలబడి తప్పయిపోయింది ఆంటీ అన్నాడు. చేతిలో కొత్త కోడి, మెడలో ధర చీటీ వేలాడుతూనే ఉంది. అత్తయ్య దాన్ని తాకలేదు. అతని తల వైపే చూసింది. "ఇంకెవరి తల మీదా చెయ్యి వెయ్యకు నాయనా" అంది. అతను వేయనన్నాడు. నాకది చాలలేదు. ఆవిడకు చాలింది.

జనవరి 3

అత్తయ్య బయటికి వెళ్ళినప్పుడల్లా మనుషుల తలలే చూస్తోంది. తన అల్లిక ఎంత దూరంనుంచైనా గుర్తుపడతానంటుంది. వద్దన్నా రోజూ బస్టాపు దాకా వెళ్తోంది. ఈ ఊళ్ళో ఎవరి నెత్తిమీదో అది తిరుగుతోంది. ఆ మాట తలుచుకుంటే నాకు మళ్ళీ మొదటినుంచీ కోపం వస్తోంది.

జనవరి 6, మంగళవారం

దొరికింది. అంటే, కనిపించింది.

బస్టాపులో ఎవరో చిన్నావిడట, చంకన నెలల బిడ్డట. ఆ బిడ్డ వాళ్ళమ్మ నెత్తిమీది తురాయిని గుప్పెట్లో పట్టుకుని లాగుతోందట. ఊడి రాలేదట, నా కుట్టు కదా అంది అత్తయ్య. బస్సు వచ్చేదాకా వాళ్ళ పక్కనే నిలబడిందట. వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారట.

"మరి అడగలేదా మీరు? మీది కదా అది," అన్నాను. నా గొంతు కింద సెలూన్ దాకా వినిపించి ఉంటుంది.

"ఎలా అడగను? ఆవిడ దగ్గర బిల్లుంటుంది," అంది.

అని నవ్వింది. ఈ మాటకు ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. గ్లాసులు కడిగాను, శుభ్రంగా ఉన్నవి కూడా.

జనవరి 8

ఈరోజు అత్తయ్య టేపు తెచ్చి నా తల కొలిచింది. ఎందుకని అడగలేదు. కదలకుండా కూర్చున్నాను. టేపు చల్లగా ఉంది. కొలిచి, నమ్మకం కలగక మళ్ళీ కొలిచి, ఇంత పెద్ద తలనుకోలేదమ్మాయ్ నీది అంది.

ఒళ్ళు మండింది. అయినా కదల్లేదు.