చాయ్ తాగి వచ్చేలోపు

ఎల్లారెడ్డి నుంచి

నా వాజిదాకి,

ఎక్కువ పెట్టి కొన్నది నిజంగానే బాగా పనిచేస్తుందా, లేక ఎక్కువ పెట్టాం కాబట్టి మనకే అట్లా అనిపిస్తుందా? మనం హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడది మీ ఇంటి గడప మీదే కూర్చుంది. ఫోన్లో అడిగితే నీ గొంతు వినగానే కరిగిపోతాను. అందుకే రాస్తున్నాను.

మొన్న కామారెడ్డిలో మీ దుకాణానికి కంప్యూటర్ కోసం వచ్చాను కదా. నాది పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే పని. పాతది మొరాయిస్తోంది. మీ ఆయన ఎజాజ్ భాయ్ రెండు చూపించాడు. మిగతావన్నీ ఒకటే. ఒకదాని ప్రాసెసర్‌లో క్యాష్ మెమరీ, అంటే మాటిమాటికీ కావలసినవి చేతికందేలా పెట్టుకునే చోటు, పెద్దది; ధర కూడా ఎక్కువ. "పొయ్యి పక్కన పోపు డబ్బా లెక్క అక్కా. డబ్బా పెద్దగుంటే మాటిమాటికి అటక మీదికి చెయ్యి పెట్టుడుండది" అన్నాడు. బాగా చెప్పాడు. అంత బాగా చెప్పినందుకే అనుమానమొచ్చింది. రోజూ పప్పూ చారూ వండుకునేదానికి అంత డబ్బా ఎందుకు?

నా ఆల్బమ్ రెండింట్లో తెరిచి చూపించమని పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అప్పుడే నువ్వొచ్చి, "దోస్తువయ్యుండి దుకాణంల నిలబడుడేందే, లోపలికి నడువ్" అని చెయ్యి పట్టి లాక్కుపోయావు. చాయ్ తాగి వచ్చి చూస్తే, పెద్ద క్యాష్‌ది చిటికెలో తెరిచింది, చిన్నది ఆయాసపడింది. కానీ ఒకసారి తెరిచిన ఫైలు రెండోసారి ఏ కంప్యూటర్లోనైనా తొందరగానే వస్తుంది. నేను లోపలున్నప్పుడు భాయ్ పెద్దదాంట్లో ముందే తెరిచి చూశాడా? నువ్వు నన్ను పిలిచింది అందుకేనా?

ఇంటికొచ్చి ఈ మాటంటే మా ఆయన నవ్వాడు. "చాయ్ మీద గూడ డౌటేనా? ఇగ నా మీద ఎప్పుడొస్తదో!" నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పు. నువ్వు అబద్ధమాడితే నాకు పోయేది కంప్యూటర్ ఒక్కటే కాదు.

నీ మహేశ్వరి

కామారెడ్డి నుంచి

మహీ,

చదవగానే కోపమొచ్చింది. తర్వాత ఉత్తరం ఆయన ముందు పెట్టాను. తల దించుకున్నాడు. "పెద్దదాంట్ల ముందే తెరిచి చూసిన. అక్క ముందర ఆగిపోతే ఇజ్జత్ పోతదని" అన్నాడు. నాకు తెలియదు మహీ. నమ్మితే నమ్ము. నేను పిలిచింది చాయ్‌కే. రెండు కంప్యూటర్లూ పంపిస్తున్నాను. నీ పని నువ్వే చేసి చూసుకో. వద్దనుకున్నది వాపస్ పంపు.

అలిగిన వాజిదా

ఎల్లారెడ్డి నుంచి

అలగకు వాజిదా,

రెండూ పక్కపక్కన పెట్టి, ప్రతిసారీ పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టి చూశాను. ఫైలు తెరవడంలో తేడా లేదు. వందల ఫొటోలకు రంగులు దిద్దేటప్పుడు మాత్రం పెద్దది కాస్త ముందుంది. భాయ్ చెప్పింది నిజమే, చూపించిందే అబద్ధం.

పెద్దది ఉంచుకున్నాను. చిన్నది పంపుతున్నాను. ఈసారి వచ్చినప్పుడు కూడా చాయ్ లోపలే తాగుతాను. నువ్వు పిలిచింది చాయ్‌కేనని నమ్మాను. కానీ ఆ కాస్తకి అంత ధర తగునో కాదో, పని కోసం ఉంచుకున్నానో నీకు ముఖం చూపించలేక ఉంచుకున్నానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ మహేశ్వరి